పొగిడితే కోపం వచ్చే పాప, ఆట మానేసిన బాబు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. పిల్లలు తమని తాము తీసిపారేసుకుంటున్నారు, మేమేం చేయాలి అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీనికే చోటిచ్చాను. ఒక తల్లి, ఒక తండ్రి, ఒక అమ్మమ్మ, ఒక టీచర్ రాసినవి ఉన్నాయి, ఆఖరిది మాత్రం ఒక పాప తనే రాసింది. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా పాపకి తొమ్మిదేళ్లు. చదువు బాగానే ఉంది. కానీ ఆర్నెల్లుగా హోంవర్క్ అంటే ఇంట్లో రోజూ గొడవే. ఒక్క అక్షరం వంకర పోయినా రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పెడుతుంది, ఆ తర్వాత ఆ పేజీనే చింపేస్తుంది. 'నేను వేస్ట్ అమ్మా, నాకేదీ రాదు' అని ఏడుస్తుంది. 'నువ్వు బంగారం, నీ అంత తెలివైన పిల్ల ఎవరున్నారు చెప్పు' అని నేనెంత బుజ్జగించినా వినదు. మొన్నైతే 'అబద్ధాలు చెప్పకు' అని నా మీదే అరిచింది. పొగిడితే కోపం వచ్చే పిల్లని ఎలా దారిలోకి తెచ్చుకోవాలి?

జవాబు: అమ్మా, ఆ 'అబద్ధాలు చెప్పకు' అన్న మాటని పెడసరం కింద తీసుకోకండి. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. తన కళ్ల ముందు చిల్లు పడ్డ కాగితం ఉంది, పక్కన అమ్మేమో బంగారం అంటోంది, ఆ రెండిటికీ ఎక్కడా పొంతన కుదరడం లేదు. అలాంటప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల ఏమనుకుంటుంది? అమ్మ అసలు నా కాగితం చూడలేదనుకుంటుంది, లేదా నా మీద జాలేసి అలా అంటోందనుకుంటుంది. ఏది అనుకున్నా తన బాధతో తను ఒక్కతే మిగిలిపోతుంది.

ఈ వయసులోనే ఇది ఎందుకు పైకి వచ్చిందో చెప్తాను. నాలుగైదేళ్ల పిల్లల్ని అడిగి చూడండి, నిన్న పరుగుపందెంలో ఆఖరున వచ్చినవాడు కూడా 'అందరికంటే నేనే ఫాస్ట్' అంటాడు, వాడు నిజంగా అలాగే నమ్ముతాడు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూడటం మొదలవుతుంది, పోల్చుకోవడం వస్తుంది, 'నేను మొత్తం మీద ఎలాంటి దాన్ని' అని ఒక లెక్క వేసుకోవడం కూడా అప్పుడే వస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త సూసన్ హార్టర్ పిల్లల కోసం 1982లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చదువు, స్నేహాలు, ఆటలు దేనికదే అడిగి, వాటన్నిటితో పాటు 'మొత్తంగా నువ్వంటే నీకు ఎలా ఉంది' అన్నది విడిగా అడుగుతారు. నాకు ఆ పద్ధతి చాలా ఉపయోగపడింది. పిల్లలు 'నాకేదీ రాదు' అన్నప్పుడు నిజంగా రానిది ఒకటో రెండో ఉంటాయి, దాని నీడ అన్నిటి మీదా పడుతుంది. మీ పాపకి ఆ ఒకటేమిటో మనకింకా తెలియదు. చేతిరాతా? టీచర్ ఎర్ర పెన్నా? పక్క సీటులో కూర్చునే పిల్లా? ఆర్నెల్లుగా అన్నారు కదా, ఆర్నెల్ల క్రితం ఏం మారిందో ఒకసారి గుర్తు చేసుకోండి. కొత్త టీచర్ వచ్చారా, సెక్షన్ మారిందా, ఇంట్లో ఏదైనా జరిగిందా. కళ్లు కూడా ఒకసారి చూపించండి, ఇదేదో మాటవరసకి చెప్పడం లేదు, బోర్డు సరిగా కనబడక రాత పాడయ్యే పిల్లలు ఉంటారు, తమకి కనబడటం లేదని వాళ్లకే తెలియదు.

ఇక పొగడ్త సంగతి. 2014లో నెదర్లాండ్స్‌కి చెందిన ఎడ్డీ బ్రుమెల్మాన్, ఆయన తోటి పరిశోధకులు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల చేత ఒక బొమ్మ వేయించి, కొందరికి 'బాగా వేశావు' అని, కొందరికి 'నమ్మలేనంత అద్భుతంగా వేశావు' అని రాసి ఇచ్చారు. తర్వాత ఏ బొమ్మ వేస్తావో నువ్వే ఎంచుకో అంటే, తమ మీద తమకి చిన్నచూపు ఉన్న పిల్లల్లో 'అద్భుతం' అనిపించుకున్నవాళ్లు తేలిక బొమ్మల వైపే మొగ్గారు. ఎందుకో మనకీ అర్థమవుతుంది. అంత ఎత్తున కూర్చోబెట్టేశాక కింద పడితే ఎలా అన్న భయం. ఇంకో బాధాకరమైన సంగతి ఏమిటంటే, ఏ పిల్లలకి ఇది పడదో పెద్దవాళ్లు సరిగ్గా ఆ పిల్లల్నే ఎక్కువ ఎత్తేస్తారని కూడా వాళ్లు గమనించారు. మీరు చేసిందీ అదే, ప్రేమ కొద్దీ చేశారు. అలాగే 'తెలివైనదానివి' అన్న మాట కూడా కొంచెం తగ్గించండి. మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పజిల్స్ ఎదురైనప్పుడు తొందరగా డీలా పడ్డారు, తమ మార్కులు ఇతరులకి చెప్పాల్సి వచ్చినప్పుడు పెంచి రాసినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ.

మరి ఏమీ అనకూడదా అంటారేమో. అనాలి, కానీ చూసి అనాలి. ఈ రాత్రి పాప పక్కన కూర్చున్నప్పుడు, తను రబ్బరు తీసినప్పుడు, వెంటనే ఓదార్చకండి. నాలుగు క్షణాలు ఆగి కాగితం వంకే చూస్తూ, 'ఈ క్ష దగ్గర మూడుసార్లు చెరిపావు, పై మలుపు దగ్గర ఇబ్బందా?' అని అడగండి. తను 'అవును, అది ఎప్పుడూ పడుకున్నట్టు వస్తుంది' అనొచ్చు. అంతే, ఇప్పుడు మీరిద్దరూ ఒక అక్షరం గురించి మాట్లాడుకుంటున్నారు, 'వేస్ట్' అన్న మాట పక్కకి పోయింది. 'చూపించు, నేనూ రాస్తాను' అని మీరూ రాయండి, మీది వంకరగా వస్తే వంకరగా వచ్చిందనండి, కొట్టేసి పక్కన మళ్లీ రాయండి, ఆ పనిని పెద్ద విశేషం చేయకండి. 'నేను వేస్ట్' అని మళ్లీ అంటే, 'కాదు కాదు' అని ఆ మాటని నొక్కేయకుండా, 'ఈరోజు బాగా విసుగ్గా ఉన్నట్టుంది, ఏది ఎక్కువ విసిగించింది?' అని అడగండి. మన 'కాదు' వినగానే పిల్లలు తమ మాటే నిజమని నిరూపించడానికి ఇంకో పది కారణాలు వెతుకుతారు.

రబ్బరు దాచేయమని మీకు ఎవరైనా సలహా ఇచ్చే ఉంటారు, నేను మాత్రం ఇవ్వను, గుంజుకుంటే టెన్షన్ పెరుగుతుంది. బదులుగా ఒక రఫ్ పుస్తకం కొనివ్వండి. అందులో చెరపడం ఉండదు, ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాసుకోవడమే, దాన్ని ఎవరూ దిద్దరు, మీరు కూడా అడగందే చూడరు. మొదటి వారం అందులోని పేజీలు కూడా చింపుతుంది, చింపనివ్వండి. నేను చూసిన ఒక పాప అయితే మొదటి పది పేజీలూ చింపి, పదకొండో పేజీలో ఒక పెద్ద కొట్టివేత పెట్టి, దాని చుట్టూ పువ్వు గీసింది. వాళ్లమ్మ ఆ పేజీ నాకు చూపించినప్పుడు ఆవిడ చేతులు వణికాయి.

ప్రశ్న: నమస్తే అండీ. మా పెద్దబాబుకి పన్నెండేళ్లు. ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. స్కూల్ టీమ్ సెలక్షన్ రోజు పొద్దున కడుపునొప్పి అని పడుకున్నాడు, ఇక ఆ తర్వాత బూట్లు ముట్టుకుంటే ఒట్టు. ఇంట్లో మాత్రం కోతలు కోస్తాడు, నేను తలుచుకుంటే వాళ్లెవరూ నా ముందు నిలబడలేరంటాడు. తమ్ముడికి ఏదైనా ప్రైజ్ వస్తే వెక్కిరిస్తాడు. చెస్‌లో ఓడిపోతే బోర్డు తిరగేసి లేచిపోతాడు. మా ఆవిడ 'వాడికి తనమీద తనకి నమ్మకం లేదండీ' అంటుంది, నాకేమో గారాబం ముదిరిందనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరు కరెక్ట్?

జవాబు: చాలావరకు మీ ఆవిడే కరెక్ట్. అయితే మీ అనుమానాన్ని కూడా నేను కొట్టిపారేయను, దాని దగ్గరికి వస్తాను.

తన మీద తనకి చిన్నచూపు ఉన్న పిల్లలంటే మనకి తలొంచుకుని మూల కూర్చునే పిల్లలే గుర్తొస్తారు. వాళ్లు కొందరే. మిగతావాళ్లు మీ ఇంట్లో ఉన్న బాబులా ఉంటారు, ఎదుటివాళ్లని తగ్గిస్తారు, ఆట మధ్యలో లేచిపోతారు, రూల్స్ మారుస్తారు, ఓడిపోయేలా ఉంటే 'నాకిది ఇంట్రెస్ట్ లేదు' అంటారు. కోతలు కోసేవాడిని కాసేపు ఊరికే వింటూ కూర్చోండి. 'నేను తలుచుకుంటే' అన్న మాట ప్రతిసారీ వస్తుంది. తలుచుకోనంత వరకు ఓడిపోయే ప్రమాదం లేదు కదా, అందుకే తలుచుకోడు.

విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1890లోనే దీనికి ఒక చిన్న లెక్క రాశారు. మన మీద మనకుండే గౌరవం ఒక భిన్నం లాంటిదట, పైన సాధించినది, కింద సాధించాలని ఆశపడినది. పైదాన్ని పెంచినా ఆ విలువ పెరుగుతుంది, కిందదాన్ని తగ్గించినా పెరుగుతుంది. మీవాడు కిందదాన్ని సున్నా చేసేశాడు. ఫుట్‌బాల్ నాకక్కర్లేదు అనేసుకున్నాడు. ఆ పొద్దున మంచం మీద పడుకున్నప్పుడు వాడికి నిజంగానే హాయిగా అనిపించి ఉంటుంది, అక్కడే ఉంది చిక్కంతా, ఆ హాయి రుచి తెలిశాక వచ్చేసారి ఇంకా తొందరగా తప్పుకుంటాడు. కడుపునొప్పి నాటకం అనుకోవద్దు. భయానికి పిల్లల కడుపు నిజంగానే నొప్పెడుతుంది. అయినా నొప్పి తరచుగా వస్తుంటే డాక్టర్‌కి ఒకసారి చూపించి, ఒంట్లో ఏమీ లేదని తేల్చుకోండి.

గారాబం సంగతికి వస్తే, బ్రుమెల్మాన్ బృందమే 2015లో ఇంకో అధ్యయనం ప్రచురించింది, ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని ఆర్నెల్లకోసారి పలకరిస్తూ చేసినది. 'మా పిల్లవాడు మిగతా పిల్లలకంటే ప్రత్యేకం' అని తలకెక్కించుకున్న ఇళ్లలో కాలం గడిచేకొద్దీ పిల్లల్లో అహం పెరిగింది, ఆప్యాయత దొరికిన ఇళ్లలో తమ మీద తమకి గౌరవం పెరిగింది. చూడటానికి ఒకేలా ఉన్నా ఈ రెండూ వేరు. మీ ఇంట్లో 'మావాడు పెద్ద ప్లేయర్ అవుతాడు' అని వచ్చినవాళ్లందరి ముందు చెప్పే అలవాటు ఎవరికైనా ఉందా? ఉంటే ఆపేయండి, అది వాడి నెత్తి మీద పెట్టిన బరువు. అలాగని ప్రేమ చూపించడం తగ్గించి కఠినంగా ఉందామని మాత్రం దయచేసి నిర్ణయించుకోకండి.

బోర్డు తిరగేయడానికి ఒక నియమం పెట్టండి. కోపం రావచ్చు, లేచి వెళ్లిపోవచ్చు, కానీ పావులు పడేస్తే ఏరి సర్దాల్సింది తనే. ఈ మాట వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక్కసారి చెప్పాలి, పావులు నేల మీద దొర్లుతున్నప్పుడు కాదు. తమ్ముణ్ని వెక్కిరిస్తే, 'ఆ మాట వాడికి తగిలింది' అని చెప్పి అక్కడితో ఆపండి, 'వాణ్ని చూసి నేర్చుకో' అని మాత్రం పొరపాటున కూడా అనకండి, ఇంట్లో కుంపటి రాజుకోవడానికి అది చాలు.

సెలక్షన్ గురించి ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే వాడు చెప్పడు. ఏదైనా పని చేసుకుంటూ, సైకిల్ చైన్ బిగిస్తూనో, నడుస్తూనో, మొహం వంక చూడకుండా అడగండి: 'ఆ రోజు వెళ్లుంటే ఏం జరిగేదనుకున్నావు?' చెప్పకపోతే వదిలేసి, మీరు తప్పించుకున్న ఒక రోజు గురించి చెప్పండి. ఇంటర్వ్యూనో, పరీక్షో, మీక్కూడా ఒకటి ఉండే ఉంటుంది. చివర్లో 'కాబట్టి నువ్వు కూడా' అని నీతి తగిలించకండి, తగిలిస్తే అప్పటిదాకా చెప్పిందంతా వాడికి పాఠంలా వినబడుతుంది. తర్వాత ఎప్పుడో బంతి తీసుకుని మీరే బయటికి వెళ్లండి, వాణ్ని పిలవొద్దు, రమ్మని బతిమాలొద్దు. వస్తే పది నిమిషాలు ఆడండి, స్కోర్ లెక్కపెట్టకండి. ఆ తర్వాత ఒక ఫ్రెండ్‌తో, ఆ తర్వాత నలుగురితో, టీమ్ మాట అన్నిటికంటే ఆఖరున. రెండు నెలలు పట్టొచ్చు. మళ్లీ టీమ్‌లోకి వెళ్లకపోయినా ఫర్వాలేదు, భయపడి మానేయడానికి, ఇష్టం లేక మానేయడానికి మధ్య తేడా వాడికి తెలిస్తే చాలు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోవడం, నిద్ర, తిండి బాగా మారిపోవడం, స్నేహితులందరినీ వదిలేయడం, ఒంటి మీద తనే చేసుకున్న గాయాలు కనబడటం, 'నేను లేకపోతే మీకందరికీ హాయి' లాంటి మాటలు, వీటిలో ఏది కనిపించినా వయసు ప్రభావంలే అని సరిపెట్టుకోకండి. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?' అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు, అలా జరగదు, అడిగితే పిల్లలకి ఊపిరి ఆడుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లల మానసిక వైద్యులు, చైల్డ్ సైకాలజిస్టులు ఉన్నది దీనికోసమే.

ప్రశ్న: మా మనవరాలికి ఆరేళ్లు. కొత్తవాళ్లు వస్తే నా వెనక దాక్కుంటుంది, ఫంక్షన్లలో నోరు విప్పదు. అందరూ ఆత్మన్యూనత అంటున్నారు. నాకు బెంగగా ఉందమ్మా.

జవాబు: అమ్మా, బెంగ వద్దు. బిడియం వేరు, తనని తాను తక్కువ అనుకోవడం వేరు. ఇంట్లో మీతో, తనకి తెలిసిన పిల్లలతో ఎలా ఉంటుందో చూడండి. అక్కడ కబుర్లు చెప్తూ, కొత్త ఆటలు మొదలుపెడుతూ, తప్పు చేసినా మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటే ఆ పిల్లకి మెల్లగా కలిసే స్వభావం ఉందంతే. మీ వెనక నుంచి కాసేపు చూసి, తనంతట తనే ఇవతలికి రానివ్వండి. 'మాది సిగ్గు పిల్లండీ' అని తన ఎదురుగా ఎవరితోనూ అనకండి, రోజూ వింటే ఆ పేరే తనది అనుకుంటుంది. ఎవరైనా అంటే, 'చూసుకుని మాట్లాడుతుంది లెండి' అని మీరే మాట మార్చేయండి. ఒకవేళ బడిలో నెలల తరబడి ఎవ్వరితోనూ ఒక్క ముక్క కూడా మాట్లాడటం లేదని టీచర్ చెబితే మాత్రం సైకాలజిస్టుకి చూపించండి, దానికి వేరే సాయం ఉంటుంది.

ప్రశ్న: నేను టీచర్ని, ఐదో తరగతి, క్లాసులో నలభై మంది. ఒక బాబు ఏది అడిగినా 'నేను మొద్దుని టీచర్, నన్నడిగి టైం వేస్ట్ చేసుకోకండి' అని అందరినీ నవ్విస్తాడు. మొదట్లో నేనూ నవ్వాను, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది. పాఠం పైకి చదవమంటే బాత్రూమ్‌కి వెళ్తానంటాడు. పిల్లలంతా వాణ్ని 'మొద్దూ' అనే పిలుస్తున్నారు. ఒక్కడి కోసం క్లాసు ఆపలేను. నా చేతిలో ఏముంది?

జవాబు: చాలా ఉంది. ఆ నవ్వు గురించి మీరు దాచకుండా రాశారు, అందుకు నా నమస్కారం.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది బాత్రూమ్. చదవమన్నప్పుడే వెళ్తున్నాడా? నోటితో అడిగిన ప్రశ్నలకి, లెక్కలకి ఎలా చెప్తాడు? మాటల్లో చురుగ్గా ఉండి, అక్షరాల దగ్గరే తడబడుతుంటే, అక్షరాలు తారుమారవుతుంటే, తెలిసిన పదాన్నే పక్క పేజీలో మళ్లీ కొత్తగా కూడబలుక్కుంటుంటే డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో వచ్చే ఇబ్బంది, ఏమో పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకి చెప్పండి, దానికీ తెలివికీ సంబంధం లేదన్న మాట కూడా ఆ నోటితోనే చెప్పండి. చూపు, వినికిడి కూడా చూపించమనండి. ఏళ్ల తరబడి చదవలేక, చదవలేకపోవడానికి కారణం తెలియక, ఆఖరికి 'మొద్దు' అనే కారణం తనే తయారుచేసుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఎవరో తనని చూసి నవ్వేలోపు తనే నవ్వించేస్తే దెబ్బ కొంచెం తక్కువ తగులుతుంది, వాడి జోకు వెనక ఉన్నది అదే.

ఎంత ప్రయత్నించినా ఫలితం రాకపోతే ప్రయత్నమే మానేయడం అనేది మనస్తత్వవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో బయటపడింది. తప్పించుకునే వీలు లేకుండా షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత దారి తెరిచి ఉంచినా కదలకుండా పడుకున్నాయి. మీ బాబు కూడా తలుపు తెరిచి ఉన్నా చూడటం మానేశాడు. అందుకే 'ప్రయత్నించు, ప్రయత్నించు' అంటే లాభం లేదు, ప్రయత్నిస్తే వచ్చే పనిని ముందు వాడి చేతికి ఇవ్వాలి. రేపు చదవాల్సిన పేరా నుంచి రెండు వాక్యాలు ఈరోజే గుర్తుపెట్టి ఇవ్వండి, ఇంట్లో చదువుకుని రమ్మనండి, రేపు సరిగ్గా ఆ రెండే అడగండి. ఈ ఏర్పాటు మీ ఇద్దరి మధ్యే ఉండాలి. చెప్పకుండా లేపి చదివించడం ప్రస్తుతానికి ఆపేయండి.

ఇంకొకటి, దీనికి క్లాసు ఆపనక్కర్లేదు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతుల్లో రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారట. అదే మూడు సెకన్లు చేస్తే, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. బాగా చదివే పిల్లల కోసం టీచర్లు కొంచెం ఎక్కువసేపు ఆగుతారని, చదవరనుకున్నవాళ్ల దగ్గర తొందరగా ముందుకెళ్లిపోతారని కూడా ఆమె గమనించారు. మీరు కూడా లోపల లెక్కపెట్టుకోండి, మూడు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో మీకే తెలుస్తుంది.

ఆ పేరు మాత్రం రేపే ఆగాలి. వాడి పేరు ఎత్తకుండా, 'ఈ గదిలో ఎవరినీ ఆ మాటతో పిలవం' అని ఒకే ఒక్కసారి మామూలు గొంతుతో చెప్పి, తప్పినవాళ్లని ప్రతిసారీ ఆపండి. విడిగా వాణ్ని పిలిచి, 'అప్పుడు నేను కూడా నవ్వాను, తప్పు చేశాను' అనండి. టీచర్ నోట ఆ మాట విన్న పిల్లవాడు దాన్ని చాలాకాలం మర్చిపోడు.

ప్రశ్న: ఆంటీ, నాకు పదమూడేళ్లు. నా మొహం మీద మొటిమలు వచ్చాయి, గొంతు కూడా బొంగురుగా ఉంటుంది. మా ఫ్రెండ్స్ ఫొటోలు పెడితే అందరూ లైక్ కొడతారు, నేను పెట్టినవి నేనే డిలీట్ చేసేశాను. ఒక వీడియోలో అద్దం ముందు నిలబడి 'నేను అందంగా ఉన్నాను, నన్ను అందరూ ఇష్టపడతారు' అని రోజూ 20 సార్లు అనుకోమన్నారు. నెల నుంచి అంటున్నాను. అన్న ప్రతిసారీ ఇంకా ఏడుపొస్తోంది. నాలోనే ఏదో లోపం ఉందా?

జవాబు: లేదమ్మా. నీకు ఏడుపు రావడానికి కారణం ఉంది, విను. కెనడాలో జోఆన్ వుడ్ అనే ఆవిడ, ఆవిడతో పనిచేసినవాళ్లు 2009లో ఇలాంటి పరీక్షే ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల చేత 'నేను ప్రేమించదగ్గ మనిషిని' అని మళ్లీ మళ్లీ అనిపించారు. తమ మీద తమకి ఇష్టం ఉన్నవాళ్లకి కాస్త బాగా అనిపించింది, తమని తాము ఇష్టపడలేనివాళ్లకి మాత్రం, అలాంటివాళ్లే అయినా ఆ మాట అననివాళ్లకంటే ఎక్కువ బాధగా అనిపించింది. నువ్వు ఆ మాట అనగానే నీ మనసు 'అబద్ధం' అని ఎదురు చెప్తోంది, రోజుకి 20 సార్లు ఆ గొడవ నడుస్తోంది. ఈరోజు నుంచి ఆపెయ్. వీడియో చెప్పిన పని నీకు సరిపడలేదు, అంతే.

అద్దం దగ్గర ఏమీ అనక్కర్లేదు, మొహం కడుక్కుని వచ్చెయ్. మొటిమలు ఈ వయసులో చాలా చాలామందికి వస్తాయి, గిల్లకు, నొప్పిగా ఉంటే, ఎక్కువవుతుంటే స్కిన్ డాక్టర్‌కి చూపించమని అమ్మతో చెప్పు, వాటికి మందులున్నాయి. గొంతు విషయం కూడా చెప్పు. ఈ వయసులో అమ్మాయిల గొంతు కూడా కొద్దిగా మారుతుంది. ఫొటోలు పెట్టాలనిపించకపోతే పెట్టకు, నీ ఫ్రెండ్స్ కూడా ఒక్క ఫొటో పెట్టడానికి ఎన్ని తీసి పారేస్తారో ఒకసారి అడిగి చూడు.

నీ ఉత్తరం కింద, మడత లోపల, పెన్సిల్‌తో ఒక పిల్లి బొమ్మ గీసి కొట్టేశావు. గీత వెనక నుంచి నాకు కనబడింది. పడుకున్న పిల్లి, ముందు కాలు మీద గడ్డం ఆనించుకుని ఉంది. చెవులు ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయ్యాయి, అందుకే కొట్టేసి ఉంటావు, కానీ ఆ గడ్డం బరువు కాలు మీద పడినట్టు నిజంగానే తెలుస్తోంది, అది చూసి గీసినవాళ్లకే వస్తుంది. ఆ పిల్లి ఎవరిది? మీ ఇంట్లో ఉంటుందా?

ఇంట్లో అమ్మకో, అక్కకో, నీకు ఇష్టమైన టీచర్‌కో, ఒక్కరికైనా నాకు రాసిన ఈ ఉత్తరం చూపించు. మాట రాకపోతే చేతికిచ్చి పక్కన కూర్చో. తర్వాత నాకు మళ్లీ రాయి, ఈసారి బొమ్మ గీస్తే కొట్టెయ్యకుండా పంపు.